చీటీ లేని అట్టపెట్టె

అమలాపురం
జూన్ 10

చిన్నమ్మలు వదినగారికి,

వాణి నమస్కారాలు. నా ఫోను మీరు ఎత్తరు. అందుకని ఇకమీదట దేవదానంగారు మూటల కోసం వ్యాను తెచ్చినప్పుడల్లా ఆయన చేతే ఉత్తరం పంపుతాను. ఏ సంగతైనా రాతలోనే ఉండాలని ట్రస్టువాళ్లు కూడా అంటున్నారు. ఇద్దరికీ అదే మంచిది.

మొన్న ఆదివారం మన చేదోడు దుకాణంలో వలంటీర్లందరికీ శిక్షణ పెట్టాను. రాజోలు నుంచి వచ్చారు, కొత్తపేట నుంచి వచ్చారు, కపిలేశ్వరపురం నుంచి ఒక పెద్దాయన రెండు బస్సులు మారి వచ్చారు. సఖినేటిపల్లి కేంద్రం నుంచి ఎవరూ రాలేదు. ఆ కేంద్రం అంటే మీ వీధి అరుగే కాబట్టి రాని మనిషెవరో ఎవరూ అడగలేదు. విశాఖపట్నంలో అయిదు రోజులు కూర్చుని నేను నేర్చుకున్నది మీకోసం మళ్లీ రాస్తున్నాను.

దానంగా ఎవరు ఏ పాత సామాను తెచ్చినా వాళ్ల ఎదుటే బల్ల మీద విప్పాలి. జేబులు తిరగేయాలి, బూట్లు దులపాలి, డబ్బాల మూతలు తీయాలి. ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోను నంబరు చీటీ మీద రాసి మూటకి కట్టాలి. తడిసినవీ చిరిగిన లోబట్టలూ వద్దని మంచిగా చెప్పి తిప్పి పంపాలి. ఇంకొకటి, మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. వచ్చిన వస్తువు రెండు రోజులు దుకాణం అరలో ఉన్నాకే మనవాళ్లెవరైనా కొనుక్కోవాలి. ముందుగా ఏరుకోవడం దొంగతనం కిందే లెక్క. పోయినేడు మీ అరుగు మీంచి ఇత్తడి చెంబు ఎటు వెళ్లిందో నేను అడగను.

పోయిన వారం మీ గోతాల్లో సగం తిన్న ఆవకాయ సీసా, ఒంటి చెప్పు, ఎవరివో కట్టుడు పళ్లు వచ్చాయి. ఆ పళ్లు చేతికి తగిలి ఇక్కడి వలంటీరు మెర్సీ ఆ పూట అన్నం తినలేదు.

దీనితో ఉన్న కాగితం మీద, శిక్షణ నియమాలు పాటిస్తానని సంతకం పెట్టి పంపండి. మీ తమ్ముడు సెలవు మీద వచ్చారు, జులై నెలాఖరుకి మళ్లీ కువైట్ వెళ్తారు. ఈలోగా మిమ్మల్ని చూడ్డానికి వస్తారు. నేను రాను.

వాణి

*

సఖినేటిపల్లి
జూన్ 18

మరదలు వాణికి,

నేను చదివేవరకూ కూర్చోమని నువ్వు చెప్పావట, దేవదానం కూర్చున్నాడు. చదివాక నా మొహం చూసి కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు.

ఆరేళ్ల కిందట ఈ దుకాణం తెరిచినప్పుడు నువ్వెక్కడున్నావు? రేవు నుంచి పల్లిపాలెం దాకా ఇల్లిల్లూ తిరిగి, స్టీలు సామాన్లవాడికి వేసే బట్టలు మాకివ్వండమ్మా అని అడిగింది నేను. ఇంగ్లీషు రాదని నన్ను పక్కనపెట్టి మేనేజరు కుర్చీ నీకు వేశారు. కూర్చో. అక్కడ కూర్చుని మర్యాదలు మాత్రం నాకు నేర్పకు.

మూట పట్టుకుని మనిషి నా అరుగెక్కితే నేను ముందు కూర్చోమంటాను. మంచినీళ్లిస్తాను. ఇంట్లోవాళ్ల మంచీచెడ్డా కనుక్కుంటాను. రెండు చేతులా మూట అందుకుని లోపల పెడతాను. ఆవిడ వీధి మలుపు తిరిగాకే విప్పుతాను. మా అమ్మ వాయనం పళ్లెం మీద గుడ్డయినా ఇచ్చినావిడ ఎదుట తీసేది కాదు. ఎవరి చిరుగులు వాళ్లకి సిగ్గు. ఆవిడ కూర్చుని ఉండగానే ఆవిడ మొగుడి లాగూ బల్ల మీద పరిచి జేబులు తిరగేస్తే, పోలీసులు దొంగసొత్తు పట్టుకున్నట్టుంటుంది. మళ్లీ నా గుమ్మం తొక్కుతుందా?

చెంబు సంగతి. అది చిల్లుపడ్డ చెంబు. మాటు వేయించి మీ దుకాణానికే తిప్పి పంపాను, మీరే అమ్ముకున్నారు. నోరు జారేముందు దేవదానాన్ని అడగాల్సింది.

నీ కాగితం సంతకం లేకుండా పంపుతున్నాను. వెనకవైపు ఖాళీగానే ఉంది, పాలలెక్క రాసుకో.

చిన్నమ్మలు

*

అమలాపురం
జులై 2

వదినగారికి,

చెంబు విషయంలో దేవదానంగారు మీరన్నదే నిజమన్నారు. సరే. మిగతా విషయాల్లో మీరు చెప్పింది నేను ఒప్పుకోను.

నిన్నటి వ్యానులో మీ గోతాలతోపాటు పెద్ద అట్టపెట్టె వచ్చింది. చుట్టూ టేపు. పైన కార్గోవాళ్లు అంటించిన కాగితం ఎవరో గోటితో గీకేశారు. పేరు లేదు, ఊరు లేదు, చీటీ లేదు. మీకు రాయడం రాక కాదు. నేను రాయమన్నాను కాబట్టి మీరు రాయలేదు. మీ మర్యాద ఎంతదాకా వెళ్లిందంటే, ఇచ్చినవాళ్లు వెళ్లిపోయాక కూడా దాన్ని విప్పలేదు.

పేరు లేని సామాను వస్తే ఏంచేయాలో మాకు నేర్పారు. దాత తెలియదని పుస్తకంలో రాసి మూడు కుప్పలు చేస్తాం, అమ్మేవి, ఊరికే ఇచ్చేవి, పనికిరానివి. నేనే దగ్గరుండి చేశాను. మగవాళ్ల బట్టలు, దుప్పట్లు, ఫ్లాస్కు, గడ్డం గీసుకునే సామాను. మంచి సరుకే. ఎవరో గల్ఫు నుంచి తెచ్చుకుని, మోజు తీరి ఇచ్చేసి ఉంటారు.

ఇకనుంచి చీటీ లేని మూట ఏదొచ్చినా అదే వ్యానులో తిప్పి పంపుతాను.

వాణి

*

సఖినేటిపల్లి
జులై 9

వాణికి,

ఆ పెట్టె ఎవరిదో నీకు అనవసరం. పేరు రాస్తే కొనేవాళ్లుండరని రాయలేదు. ఆ కాగితం గీకింది నేనే. అంతకుమించి అడక్కు.

తమ్ముడు వచ్చి వెళ్లాడు. చింతచిగురు రొయ్యలు వండితే రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఇంట్లో అన్నం పెడుతున్నారా లేక దానికీ శిక్షణ కావాలా అని అడిగాను. నవ్వాడు గాని నీ మాట ఒక్కటి ఎత్తలేదు. పాపం వాడికి మనిద్దరి మధ్యా బతకడం అలవాటైపోయింది.

మూటలు తిప్పి పంపు. వ్యాను మీ అమలాపురం నుంచి ఖాళీగా రాకుండా ఉంటుంది.

చిన్నమ్మలు

*

సఖినేటిపల్లి
ఆగస్టు 4

వాణీ,

పోట్లాట కాస్త పక్కన పెట్టి చదువు. తర్వాత మళ్లీ మొదలెడదాం.

ఆ అట్టపెట్టె పల్లిపాలెం అనూరాధది. పాతికేళ్ల పిల్ల. మొగుడు కుమారస్వామి బహ్రెయిన్‌లో చేపల బోటు మీద పనిచేస్తూ ఏప్రిల్లో పోయాడు. శవపేటికలో మనిషి ముందొచ్చాడు. అతని సామాన్లు గదిలోవాళ్లు పెట్టెలో సర్ది పంపితే అవి రెండు నెలలకి వచ్చాయి. ఆ పెట్టె ఇంట్లో ఉంటే నిద్ర పట్టడం లేదని నా అరుగు మీదకి తెచ్చింది. చనిపోయినవాడి బట్టలని రాస్తే మీ దుకాణంలో ఎవరు ముట్టుకుంటారు? అందుకని కాగితం గీకేశాను. ఇప్పుడు తెలిసిందా?

వాళ్లకి ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. తండ్రి మేలో వచ్చి తన చేత్తో బియ్యంలో పేరు రాస్తానన్నాడని బారసాల ఆపారు. పేరు అనుకున్నానన్నాడట గాని ఫోనులో చెప్పలేదట, వచ్చి రాశాకే వినాలన్నాడట. ఆ పిల్లకి ఈవేళ్టికీ పేరు లేదు.

మొన్న కుమారస్వామి గదిలో ఉండే సత్యదుర్గారావు అనే రాజోలు అబ్బాయి సెలవు మీద వచ్చి అనూరాధని చూడ్డానికి వెళ్లాడు. బారసాల రోజున తొడుక్కుందామని కుమారస్వామి కొత్త చొక్కా కొన్నాడట, నీలం గళ్లది, జేబు మీద చిన్న లంగరు కుట్టి ఉంటుందిట. అక్కడి పంతులుగారిని అడిగి, పేరు కాగితం మీద రాసి, ఆ చొక్కా జేబులో పెట్టుకున్నాడట. ఎవరికీ చూపించలేదు. ఆ చొక్కా మడత విప్పకుండా పెట్టెలో పైనే పెట్టానని ఈ అబ్బాయి చెప్పాడు.

అనూరాధ పిల్లని చంకనేసుకుని అలాగే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ చొక్కా ఎక్కడుందో వెతుకు. అమ్మేసి ఉంటే కొన్న మనిషిని వెతుకు. నీకు దణ్ణం పెట్టి అడుగుతున్నానని ఎక్కడా చెప్పుకోకు.

చిన్నమ్మలు

*

అమలాపురం
ఆగస్టు 8

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఆ అమ్మాయి విషయం విని బాధపడ్డాను.

కానీ చీటీ లేని పెట్టెలోది ఏది ఎటు వెళ్లిందో చెప్పడం కుదరదు. పుస్తకంలో మగవాళ్ల చొక్కాలు తొమ్మిది అని ఉంది. కొన్నవాళ్ల పేర్లు మేము రాసుకోం. అమలాపురంలో ఎవరని వెతకను?

మీరు ఆ అమ్మాయి ఎదుట పెట్టె విప్పి జేబులు చూసి ఉంటే ఆ కాగితం ఆవిడ చేతిలోనే ఉండేది. రెండు నెలల కిందట నేను రాసింది ఇదే. మీ అరుగు మర్యాదకి ఒక పసిపిల్ల పేరు పోయింది. ఈ మాట ఆవిడతో మీరే చెప్పండి.

వాణి

*

సఖినేటిపల్లి
ఆగస్టు 19

వాణీ,

తమ్ముడు కువైట్‌లో దిగి గదికి చేరాక తీయించుకున్న ఫొటో నాకు ఫోనులో పంపాడు. నువ్వు చూసే ఉంటావు. నీలం గళ్ల చొక్కా. జేబు మీద లంగరు.

చచ్చిపోయినవాడి చొక్కా నా తమ్ముడికి తొడిగావు. అది తెలియక చేశావనుకుందాం, కాగితం గీకిన పాపం నాది. కానీ రెండు రోజులు అరలో పెట్టకుండా ఏరుకోవడం దొంగతనమని రాసిన చెయ్యి నీదే. చెంబు కోసం నన్ను దొంగని చేసిన చెయ్యీ నీదే. ఎనిమిదో తారీఖు ఉత్తరంలో, పుస్తకంలో తొమ్మిది చొక్కాలని ఉందని రాసినప్పుడు ఆ తొమ్మిదిలో ఇదెటు వెళ్లిందో నీకు తెలుసు. తెలిసే రాశావు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. పెట్టె తెచ్చిన రోజున అనూరాధ నన్ను అడిగింది. "మీరు విప్పి చూడండి పిన్నిగారూ, దాచుకోవాల్సిందేవైనా ఉంటే తీసి ఇవ్వండి, నా చేతులాడట్లేదండి" అంది. ఇచ్చినవాళ్ల ఎదుట విప్పడం మా ఇంటా వంటా లేదమ్మా, నువ్వు నిశ్చింతగా వెళ్లు అని మజ్జిగ ఇచ్చి పంపేశాను. వెళ్లాకైనా విప్పి ఉండాల్సింది. టేపు చూస్తే నువ్వు గుర్తొచ్చావు. దీని మాట నేను వినడమేమిటని అలాగే వ్యానెక్కించాను.

ఇన్నాళ్లూ ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఎక్కువ భయంగా ఉంది.

ఇప్పుడు చెప్పు. జేబులో కాగితం ఏమైంది?

చిన్నమ్మలు

*

అమలాపురం
ఆగస్టు 27

వదినగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను.

పెట్టె తీసినప్పుడు ఆ చొక్కా పైనే ఉంది. ధర చీటీ కూడా ఊడని కొత్త చొక్కా. మీ తమ్ముడికి సరిగ్గా సరిపోయే సైజు. ఆయన వెళ్లేముందు ఒక చొక్కా కొనమన్నారు, నాకు బజారుకి వెళ్లే తీరిక లేదు. మెర్సీ చూస్తుండగానే ధర డబ్బాలో వేసి సంచిలో పెట్టుకున్నాను. డబ్బు వేశాను కదా, తప్పేముంది అనుకున్నాను. మెర్సీ ఏమీ అనలేదు. దాని చేత నియమాల కాగితం మీద సంతకం పెట్టించింది నేనే, ఎలా అంటుంది?

జేబు చూడలేదు. కొత్త చొక్కా జేబులో ఏముంటుంది అనుకున్నాను. దుకాణానికి వచ్చిన బట్ట ఉతకకుండా వాడకూడదని కూడా నేర్పారు, ఆ ఒక్కటీ పాటించాను. మిషన్లో వేశాను. తీసి ఆరేస్తుంటే జేబు దగ్గర తెల్లటి ముక్కలు అంటుకుని ఉన్నాయి. మీ తమ్ముడు బస్సు టిక్కెట్టు జేబులో పెట్టి మిషన్లో పడేశారనుకుని ఆయన్ని తిట్టాను. ఆయన ఇంకా అది ఒక్కసారైనా తొడుక్కోలేదని కూడా నాకు తట్టలేదు. ఆ ముక్కలన్నీ గోటితో గిల్లి కాలవలో పారేశాను. ఒకదాని మీద సిరా మరక ఉంది. అక్షరమో ఏమో చూడలేదు.

మీ నాలుగో తారీఖు ఉత్తరంలో లంగరు అన్న మాట చదవగానే నాకంతా తెలిసిపోయింది. తెలిసే ఆ జవాబు రాశాను. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే మీ ముందు తలవంచడం ఇష్టం లేక. ఈ రెండో కారణమే నిజం.

ట్రస్టువాళ్లకి రాసిచ్చాను. మేనేజరుగా ఉంచారు గాని శిక్షణ పని తీసేశారు. కాకినాడ నుంచి ఇంకొకరు వస్తారట. అనూరాధకి మీరే ఏదోలా చెప్పండి. మిమ్మల్ని పిన్ని అని పిలుస్తుంది కదా.

వాణి

*

సఖినేటిపల్లి
సెప్టెంబరు 2

వాణీ,

నేను చెప్పను. నా తప్పు నేను చెప్పాను, నిన్ననే వెళ్లి చెప్పాను. విప్పి చూడమన్నావు, నీ మాట కాదని నా పంతం చూసుకున్నాను అని. పిల్లకి పాలిస్తూ వింది.

నీది నువ్వే వచ్చి చెప్పు. ఉత్తరం రాసి ఆవిడకి పంపావంటే దాన్ని నేనే పొయ్యిలో పెడతాను. నా ఇంటికి రానక్కర్లేదు, నేనూ పిలవడం లేదు. రాజోలు మీదుగా బస్సుంది.

చిన్నమ్మలు

*

అమలాపురం
సెప్టెంబరు 16

వదినగారికి,

ఆదివారం పల్లిపాలెం వెళ్లి వచ్చాను. మీ వీధి ముందు నుంచే వెళ్లాను. మీరు అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతూ నన్ను చూశారు. పిలవలేదు. మంచిదే, పిలిస్తే ఆగిపోయేదాన్ని.

అనూరాధ వలలు ఆరేసినచోట కూర్చుని ఉంది. పిల్ల చాప మీద బోర్లా పడుకుని గుప్పిళ్లు నోట్లో పెట్టుకుంటోంది. వెళ్లేదారిలో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. చొక్కా తీసుకున్నది, జేబు చూడనిది, ముక్కలు గిల్లి పారేసింది, మూడు వారాలు అబద్ధం ఆడింది. ఆ సిరా మరక ఎలా ఉందని అడిగింది. గుండ్రంగా ఉందా, కొమ్ము ఉందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. మళ్లీ అదే అడిగింది. మూడోసారి కూడా తెలియదన్నాక ఇంక అడగలేదు.

మీ తమ్ముడి చేత చొక్కా తిప్పి పంపిస్తానన్నాను.

"తొడిగేసేరు కదండీ, ఉంచుకోమనండి" అంది. "ఆయన రాసిన పేరేంటో నాకింక తెలీదు. నా పిల్లకి పేరు నేనే పెట్టుకుంటానండి. మీరూ పిన్నిగారూ మాత్రం రాకండి. ఆ పేరు మీ ఇద్దరికీ చెప్పను."

ఆ మాట గట్టిగా కూడా అనలేదు. తిడితే బాగుండేది. మంచినీళ్లు ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఇదంతా మీ వల్లేనని దారిపొడుగునా అనుకున్నాను. రాజోలు దాటాక అలా అనుకోవడం కుదరలేదు. అయినా మీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అదీ అబద్ధమే.

వాణి

*

సఖినేటిపల్లి
అక్టోబరు 28

వాణీ,

నాకూ పోలేదు. ఆ లెక్క సరిపోయింది.

కాకినాడ ఆయన వచ్చి వెళ్లాడు. అరుగు మీద బల్ల వేయించాను. విప్పనా అమ్మా అని ముందు అడుగుతున్నాను. కొందరు విప్పమంటున్నారు. ఇద్దరు మాత్రం మూట చంకన పెట్టుకుని వెళ్లిపోయారు, వాళ్లలో ఒకావిడ ఆరేళ్లుగా ఇస్తున్న మనిషి. ఇంత బతుకూ బతికి నా మీదే అనుమానమా చిన్నమ్మలూ అంది. నీ మీద కాదు, నా మీదే అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

పల్లిపాలెంలో మొన్న గురువారం బారసాల అయింది. ఊరంతా వెళ్లారు. మా వీధిలో ప్రతి ఇంటికీ పిలుపు వచ్చింది, నా ఇల్లొక్కటే వదిలేశారు. పక్కింటివాళ్లు చలిమిడి తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాను. పేరేమిటో ఎవరిని అడిగినా చెప్తారు. అడిగే మొహం నాకు లేదు. నువ్వూ ఎవరినీ అడక్కు.

ఇవాళ పొద్దున్న కూరలకని రేవు బజారుకి వెళ్లాను. కొబ్బరిబోండాల బండి అవతల అనూరాధ పక్కకి తిరిగి నిలబడి ఉంది. భుజం మీద పిల్ల నిద్ర లేస్తోంది. దాని వీపు తడుతూ పేరు పెట్టి పిలవబోయింది, మొదటి అక్షరం దాదాపు పెదవుల దాకా వచ్చింది. ఇటు తిరిగి నన్ను చూసింది. నోరు మూసుకుని, పిల్లని రెండో భుజం మీదకి మార్చుకుని వెళ్లిపోయింది.

చిన్నమ్మలు